బడిలోకి వచ్చిన ఖాకీ

కమలనగర్ నుంచి బీదర్ దాకా ఏ సంతలో నిలబడ్డా కన్నడం, మరాఠీ, ఉర్దూలతో పాటు తెలుగూ చెవిన పడుతుంది. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో మనతో కలిసి బతికిన జిల్లా. అక్కడి పిల్లలకు జరిగింది మనింటి పిల్లలకు జరిగినట్టే అనిపిస్తుంది.

2020 జనవరి 21న బీదర్‌లోని షాహీన్ స్కూల్లో చిన్న తరగతుల పిల్లలు పౌరసత్వ సవరణ చట్టం మీద నాటకం వేశారు. అందులో ప్రధానమంత్రిని కించపరిచారని ఫిర్యాదు వెళ్లింది, రాజద్రోహం కేసు పడింది. జనవరి 30న ఒక పాప తల్లినీ, హెడ్‌మిస్ట్రెస్‌నూ అరెస్టు చేశారు. ఆ తల్లి ఒంటరి మనిషి. ఫిబ్రవరి 14న బెయిలు దొరికేదాకా పాపకు ఇరుగుపొరుగే దిక్కు.

పోలీసులు మళ్లీ మళ్లీ బడికి వచ్చారు. డైలాగులు ఎవరు రాశారు, ఎవరు నేర్పారు అని గుచ్చి గుచ్చి అడిగారు. హైకోర్టు ముందుకెళ్లిన ఫొటోల్లో పిల్లల ఎదుట పోలీసులు యూనిఫాంలో ఉన్నారు, ఆయుధాలతో ఉన్నారు.

పెద్దల నేరాలకు స్టేషనూ, లాకప్పూ, బేడీలూ ఉన్నాయి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు 2015 నాటి జువనైల్ జస్టిస్ చట్టం వేరే దారి వేసింది. హత్య కేసులో దొరికిన కుర్రాణ్ణయినా లాకప్పులో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, పోలీసు మఫ్టీలోనే మాట్లాడాలి. విచారణ జరిపేది జువనైల్ జస్టిస్ బోర్డు. అందులో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వాళ్లలో ఒకరు తప్పనిసరిగా మహిళ. ఘోర నేరాల్లో పదహారు దాటినవాళ్లను పెద్దల్లా విచారించే వీలుంది గానీ, అక్కడా ఉరి లేదు.

ఇంత జాగ్రత్తా నేరారోపణ ఉన్న పిల్లల కోసం. బీదర్ పిల్లల మీద ఏ నేరమూ లేదు. హంతకుడనుకున్న కుర్రాడికి దక్కాల్సిన మర్యాద కూడా నాటకం వేసిన పసివాళ్లకు దక్కలేదు.

2021 ఆగస్టులో కర్ణాటక హైకోర్టు ఆ ఫొటోలు చూసి, పిల్లల హక్కులకు తీవ్ర భంగం కలిగినట్టే పైకి కనిపిస్తోందని తప్పుబట్టింది. 2023 జూన్‌లో కలబురగి బెంచి స్కూలు యాజమాన్యం మీద కేసును కొట్టేసింది. నాటకం నాటికి ఆరో తరగతిలో ఉన్న పిల్లలు అప్పటికి పదో తరగతికి వచ్చేశారు.