విండోల మార్పిడి పద్ధతులు

కంప్యూటరు తెరపై ఏకకాలమున తెరచియుంచిన పెక్కు విండోలలో, అనగా గవాక్షములలో, ఒకదానినుండి వేరొకదానికి పోవుటకై కల్పింపబడిన ఉపాయములకు విండోల మార్పిడి పద్ధతులని పేరు. తెర చిన్నది, పనులు పెక్కు. కావున క్రింద మరుగుపడిన విండోను మరల ఎట్లు పట్టుకొనవలెనను ప్రశ్న ఈ చరిత్రకంతకును మూలమైనది. దానికి లభించిన సమాధానములు పైకి నానావిధములుగ తోచినను, అవి మనుష్యుని ఏ శక్తిని ఆశ్రయించినవని విచారించినచో మూడు త్రోవలు కానవచ్చును: కొన్ని వస్తువున్న చోటును నమ్ముకొన్నవి, కొన్ని దేని తరువాత దేనిని చూచితిమన్న కాలక్రమమును, మరికొన్ని కేవలము కంటిచూపును.

1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున డగ్లస్ ఎంగెల్బార్ట్ మౌస్‌తోపాటు, తెరను భాగములుగ విభజించి వాడు విధానమును గూడ ప్రదర్శించెను. బల్లపై పరచిన కాగితములవలె విండోలు ఒకదానినొకటి కప్పుకొనవచ్చునను భావన మాత్రము జిరాక్స్ వారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రమున, 1973లో వెలసిన ఆల్టో యంత్రముపై, ఆలన్ కే బృందము నిర్మించిన ప్రోగ్రామింగు వ్యవస్థయగు స్మాల్‌టాక్‌లో రూపుదాల్చినది. 1979లో ఆ కేంద్రమును దర్శించిన ఆపిల్ సంస్థవాడు బిల్ అట్కిన్సన్, పై విండో తొలగినంతనే క్రిందిదాని మరుగుపడిన భాగము తనంతట తాను పూరింపబడుటను అచ్చట చూచితినని తలపోసి, దానిని సాధించుటకు మిక్కిలి శ్రమించి కృతార్థుడయ్యెను. తాను చూచితిననుకొన్నది అచ్చట లేనేలేదని ఆయనకు పిమ్మట గాని తెలియలేదు. 1983 నాటి ఆపిల్ యంత్రమగు లీసాకును, 1984 నాటి మాకింటోష్‌కును ఆ సాధనయే పునాది.

ఐనను కప్పుకొను విండోలే మేలని అందరును అంగీకరింపలేదు. జిరాక్స్ వారే 1981లో విక్రయమునకు తెచ్చిన స్టార్ యంత్రమునను, 1985లో వెలువడిన విండోస్ అను వ్యవస్థ తొలి రూపమునను విండోలు గచ్చుపలకలవలె ప్రక్కప్రక్కనే అమరియుండెడివి. మరుగుపడునది లేదు గనుక వెదకుకొనవలసినదియు లేదు. కాని సంఖ్య పెరిగినకొలది ఒక్కొక్కటి ఇరుకై చదువుటకు అలవికానిదగును. 1986లో సారా బ్లై, జారెట్ రోజెన్‌బర్గ్ అను పరిశోధకులు ఈ రెండు అమరికలను పరీక్షించి, విండోలను కదల్పనక్కరలేని పనులలో పలకల అమరిక శీఘ్రతరమనియు, మాటిమాటికి సర్దుకొనవలసిన పనులలో చేయితిరిగినవారికి కప్పుకొను అమరికయే అనుకూలమనియు తేల్చిరి. 1987 నాటి రెండవ విండోస్ కప్పుకొను పద్ధతికే మరలినది.

ఆ 1986లోనే ఆస్టిన్ హెండర్సన్, స్టువర్ట్ కార్డ్ ప్రకటించిన ‘రూమ్స్’ అను వ్యవస్థ ఈ చరిత్రలో అత్యంత గంభీరమైన ఆలోచనయని ఈ వ్యాసకర్త అభిప్రాయము. యంత్రస్మృతి చాలనప్పుడు కంప్యూటరు పుటలను లోనికి వెలికి త్రిప్పుటలోనే కాలమంతయు వ్యయపరచునట్లు, మనుష్యుడును తెర చాలక విండోలను త్రోయుటలోనే ప్రొద్దు పుచ్చుచున్నాడని వారు గుర్తించిరి. పీటర్ డెన్నింగ్ 1968లో యంత్రస్మృతిని గూర్చి చెప్పిన సిద్ధాంతమును ఆధారముగ గొని, మనుష్యుడు ఏ కొంతసేపునకైనను కొలది విండోలనే ఒక గుంపుగ వాడుననియు, పని మారినప్పుడు గుంపు గుంపే మారుననియు వారు నిరూపించిరి. కనుక మార్పవలసినది విండోను కాదు, పనిని. ఒక్కొక్క పనికి ఒక్కొక్క గది, గదినుండి గదికి ద్వారములు, గదులన్నింటిని చిన్నచిన్న చిత్రములుగ చూపు విహంగవీక్షణము, ఒకే విండో పలు గదులలో ఉండగల వెసులుబాటు: ఇవన్నియు అందు గలవు.

సామాన్య జనమునకు చేరినది మాత్రము అంతకంటె సులభమైన ఉపాయము. విండోస్ 3.1 వాడిన క్రొత్తవారు, ఒక విండో క్రింద మరియొకటి మరుగుపడినంతనే అది నశించినదని భ్రమించుచున్నట్లు పరీక్షలలో బయటపడగా, 1995 ఆగస్టు 24న వెలువడిన విండోస్ 95లో తెర అడుగున టాస్క్‌బార్ అను పట్టీ వెలసి, తెరచిన ప్రతి విండోకును ఒక మీటను చూపెను. దాని బలము చోటునందున్నది: చేయి చోటును మరువదు. విండోలు పెరిగినకొలది మీటలు కుదించుకొని పేర్లు తెగిపోవుట దాని దోషము. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ, మీటలు క్రిక్కిరిసినపుడు ఒకే ప్రోగ్రాము విండోలను ఒక్క మీటలో ముడిచి ఆ దోషమును మాన్పబోయి, చోటు స్థిరముగ నుండుననెడి గుణమునే చెరచినది. 2009 నాటి విండోస్ 7లో చిహ్నములను వాడువాడే తన ఇష్టమైన వరుసలో నిలుపుకొను వీలు కలిగి, ఆ గుణము కొంతవరకు మరల లభించెను.

కాలక్రమమును నమ్మినది ఆల్ట్, టాబ్ మీటల జంట. దీనిని ఒకసారి నొక్కినంతనే ఇంతకుముందరి విండో పైకివచ్చును. రెండు పత్రములను సరిపోల్చుకొనువానికి ఇంతకంటె వేగవంతమగు సాధనము లేదు. కాని నాలుగైదు దాటినచో క్రమము మనసున నిలువదు, ప్రతి మార్పిడితో అది మారుచునేయుండును. విండోస్ ఇట్లు విండోనుండి విండోకు పోవగా, మాకింటోష్‌లో కమాండ్, టాబ్ మీటలు ప్రోగ్రామునుండి ప్రోగ్రామునకు కొనిపోవును. ఒకే ప్రోగ్రాములోని విండోల మార్పిడికి వేరు మీట గలదు. ఒకదానినుండి మరియొకదానికి మారినవారు మొదట తికమకపడుటకు ఈ భేదమే హేతువు.

కంటిని నమ్మిన పద్ధతులలో 2003లో ఆపిల్ వారి మాకింటోష్ వ్యవస్థయగు పాంథర్‌తో వచ్చిన ఎక్స్‌పోజే అగ్రగణ్యము. ఒక్క మీటను నొక్కగనే విండోలన్నియు, జీవముతోడనే, చిన్నవై ఒకదానినొకటి తాకక పరచుకొనెడివి. చిత్రములు, పటములు తెరచినవారికి ఇది వరమైనది. ఒకే తీరున నుండు వ్రాతపుటలను తెరచినవారికి మాత్రము అన్నియు ఒక్కటిగనే కనబడును. 2011 నాటి గ్నోమ్ అను తెరవ్యవస్థ మూడవ రూపము అడుగు పట్టీలోని విండోల జాబితాను తొలగించి, ఇట్టి సర్వదర్శనమునే ప్రధానము గావించి, వాడుకరులలో తీవ్రవివాదమునకు లోనయ్యెను.

గదుల భావన యూనిక్స్ యంత్రములపై పలుతెరల రూపమున చిరకాలము నిలిచినది. ఆపిల్ దానిని 2007లో స్పేసెస్ అను పేర స్వీకరించెను. విండోస్‌లో అది అంతర్భాగమగుటకు 2015 నాటి పదవ రూపమువరకు, అనగా రూమ్స్ ప్రకటింపబడిన పిమ్మట 29 ఏండ్లు పట్టెను. 2021 నాటి విండోస్ 11 ప్రక్కప్రక్కన అమర్చిన విండోలను ఒక గుంపుగనే గుర్తుంచుకొని మరల తెచ్చును. 2022లో ఆపిల్ ప్రవేశపెట్టిన స్టేజ్ మేనేజర్ పనిలోనున్న గుంపును నడుమ నిలిపి, తక్కిన గుంపులను తెర అంచున చిన్న చిత్రములుగ నిలుపును.