మంచు రాణి (1957 యానిమేషన్ చిత్రం)

మాస్కోలోని సొయుజ్‌ముల్త్‌ఫిల్మ్ స్టూడియో 1957లో రష్యన్ భాషలో నిర్మించిన, గంటకు పైగా నిడివిగల యానిమేషన్ చిత్రం. దర్శకుడు లెవ్ అతామనోవ్, సంగీతం ఆర్తెమీ ఐవజ్యాన్. డెన్మార్క్ రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1844లో వెలువరించిన పిల్లల కథ దీనికి ఆధారం. మంచు రాణి ఎత్తుకుపోయిన కాయ్ కోసం అతని నేస్తం గెర్దా ఒంటరిగా ఉత్తర దిక్కుకు బయలుదేరుతుంది.

ఆండర్సన్ కథలో ప్రతి మంచినీ వికృతంగా చూపే అద్దాన్ని ఒక దయ్యం తయారుచేస్తుంది. అది పగిలి, ఆ ముక్కలు కాయ్ కంటిలో, గుండెలో దిగుతాయి. సినిమాలో దయ్యం లేదు. కాయ్ వేళాకోళానికి మండిపడ్డ రాణే అద్దం పగలగొడుతుంది. మూలంలోని క్రైస్తవ ప్రార్థనలు కూడా చిత్రంలో కనిపించవు. మూలకథలో గెర్దా చేరుకునే వేళకు రాణి కోటలో ఉండదు. ఇక్కడ మాత్రం ఆ చిన్నపిల్ల రాణికి ఎదురు నిలుస్తుంది, రాణి మారుమాట లేకుండా మాయమవుతుంది. కథకు బలం చేకూర్చిన మార్పు ఇదే. దారిలో గెర్దాకు ఎదురయ్యే దొంగపిల్ల ఘట్టం మరింత గొప్పది: గెర్దా పట్టుదల చూసి ఆ పిల్ల కరిగిపోయి, తాను కట్టేసి ఉంచిన జంతువులను విడిచిపెట్టి, చివరికి ఏడ్చేస్తుంది.

రాణి కదలికల కోసం ముందు నటిని కెమెరాతో చిత్రీకరించి, ఆ ఫిల్ము మీద ఒక్కో ఫ్రేమునూ చూస్తూ బొమ్మలు గీశారు. అందుకే ఆమె నడకలో మిగతా పాత్రలకు లేని బిగువు, చల్లదనం కనిపిస్తాయి. కథ చెప్పే మరుగుజ్జు ఓలే లుకోయేకు ఫ్యోదర్ హిత్రుక్ ప్రాణం పోశాడు. పాత్రల రూపకల్పనలో పాలుపంచుకున్న లియోనిద్ ష్వార్ట్స్‌మన్ తర్వాతి కాలంలో చెబురాష్కా అనే కార్టూన్ పాత్రకు రూపమిచ్చాడు. గెర్దా గొంతు యానినా జైమోది. అప్పటికి ఆమెకు నలభై ఏళ్లు దాటాయి, అయినా ఆ గొంతులో పసితనమే వినిపిస్తుంది.

1957లోనే ఈ చిత్రం వెనిస్ ఉత్సవంలో బహుమతి అందుకుంది. 1959లో అమెరికాలో యూనివర్సల్ సంస్థ విడుదల చేసిన ఇంగ్లీషు రూపంలో గెర్దాకు శాండ్రా డీ గొంతునిచ్చింది. అన్నిటికన్నా లోతైన ప్రభావం మాత్రం జపాన్‌లో పడింది. తోయెయ్ స్టూడియోలో యువ యానిమేటర్‌గా ఉన్న హయావో మియజాకి, తన వృత్తి మీద నమ్మకం సడలిన రోజుల్లో ఈ సినిమా చూసి, యానిమేషన్‌లోనే కొనసాగాలని నిశ్చయించుకున్నాడు. బొమ్మలు గీయడంలో ఎంత ప్రేమ పెట్టవచ్చో దీనిలోనే చూశానని ఆయన చెబుతూ వచ్చాడు. ఆయన స్థాపకుల్లో ఒకరైన స్టూడియో జిబ్లీ 2007లో దీన్ని జపాన్ థియేటర్లలో మళ్లీ విడుదల చేసింది.