మెంఫిస్ పంది పక్కటెముకలు: బోర్డు మీద లేని పేర్లు

కిందటి ఎపిసోడ్ తర్వాత చాలామంది "బ్రో, ఈసారి ఏదైనా తిండి హిస్టరీ చెప్పు" అన్నారు. సరే, ఈరోజు పోర్క్ రిబ్స్. సాస్ లేకుండా పొడి మసాలాతో చేసేవి, డ్రై రబ్ అంటారు. ఈ స్టైల్‌కి పేరు తెచ్చిన ఊరు అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్.

ముందు అందరూ చెప్పే కథ చెప్తాను. మెంఫిస్ డౌన్‌టౌన్‌లో ఒక సందులో, సెల్లార్‌లో రాండెవూ అనే హోటల్ ఉంది. 1948లో చార్లీ వెర్గోస్ మొదలుపెట్టాడు. ఆయనది గ్రీసు నుంచి వలస వచ్చిన కుటుంబం. సెల్లార్ శుభ్రం చేస్తుంటే పాతకాలపు బొగ్గు దింపే గొట్టం ఒకటి కనిపించిందట. పొగ బయటకి పోవడానికి దారి దొరికింది కదా అని అక్కడ బొగ్గుల పొయ్యి పెట్టాడు. మొదట్లో హామ్ శాండ్‌విచ్‌లే. తర్వాత ఒక మాంసం వ్యాపారి పక్కటెముకల పెట్టె తెచ్చిచ్చి "ఇవి ట్రై చేయండి" అన్నాడని చెప్తారు. ఎముక ఎక్కువ, మాంసం తక్కువ కాబట్టి అప్పట్లో అవి బాగా చవక. చార్లీ తన ఇంటి అలవాటు ప్రకారం ఒరెగానో, వెల్లుల్లి వేశాడు, ఎర్రటి రంగు కోసం పాప్రికా కలిపాడు. హిట్ అయింది.

నేను ముందు రాసుకున్న స్క్రిప్ట్ ఇక్కడితో అయిపోయింది. ఒక మనిషి, ఒక ఐడియా, ఒక సెల్లార్. అచ్చం స్టార్టప్ స్టోరీ. నేను ఐదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేశాను. రాత్రంతా కూర్చుని బగ్ ఫిక్స్ చేసేది ఒకడు, పొద్దున్నే స్లైడ్ మీద పేరు ఇంకొకడిది. ఆ స్క్రిప్ట్ మళ్ళీ చదువుకుంటే నాకు అదే గుర్తొచ్చింది. పొయ్యి దగ్గర నిలబడింది ఎవరు? అది నేను రాయనే లేదు.

కాబట్టి ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. ఇప్పటి అమెరికా దక్షిణాదికి పందుల్ని తోలుకొచ్చినవాళ్లలో ముఖ్యుడు స్పెయిన్ దండనాయకుడు ఎర్నాండో డి సోటో. 1539లో ఫ్లోరిడాలో దిగాడు, 1541లో మిసిసిపీ నదిని చేరాడు. కొద్దిపాటి పందులతో మొదలైన ఆయన మంద, 1542లో ఆయన చనిపోయేటప్పటికి 700 దాకా పెరిగింది. అదే నది ఒడ్డున 1819లో మెంఫిస్ ఊరు పుట్టింది. పత్తి వ్యాపారంతో పెరిగింది. ఆ పత్తి పండించింది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు, వాళ్ల పిల్లలు. తోటల్లో విందు అంటే గొయ్యి తవ్వి, కట్టెలు కాల్చి బొగ్గులు చేసి, రాత్రంతా మేలుకుని పందిని తిప్పుతూ కాల్చింది కూడా వాళ్లే. మంట ఎంత ఉండాలి, వెనిగర్ నీళ్లు ఎప్పుడు చల్లాలి అన్న విద్య వాళ్ల చేతుల్లో పెరిగింది.

1964లో పౌరహక్కుల చట్టం వచ్చేదాకా దక్షిణాదిలో చాలా హోటళ్లలో పరిస్థితి ఏంటంటే, నల్లజాతి మనిషి లోపల వండొచ్చు, కానీ ముందు టేబుల్ దగ్గర కూర్చుని తినకూడదు. ఒక్క హోటల్ సంగతి కాదిది, అప్పటి పద్ధతే అంత.

ఇంకో విషయం. 1978లో మెంఫిస్‌లో పెద్ద బార్బెక్యూ పోటీ మొదలైంది. ఇప్పుడు ప్రపంచ ఛాంపియన్‌షిప్ అని పిలుస్తారు. మొదటి ఏడాది గెలిచింది బెస్సీ లూయిస్ కాథీ అనే నల్లజాతి మహిళ, అది కూడా రిబ్స్‌తోనే. బార్బెక్యూ వీడియోలు వందల కొద్దీ చూశాను, ఆవిడ పేరు ఎక్కడా వినలేదు. మీరు విన్నారా?

సరే, ఇంట్లో ఎలా చేయాలో చెప్తాను. కిలో పక్కటెముకలు తీసుకోండి. ఎముక వైపు ఒక పల్చని పొర ఉంటుంది, గుడ్డతో పట్టుకుని లాగేయండి. రెండు టీస్పూన్ల ఉప్పు రాసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. పాప్రికా లేకపోతే కశ్మీరీ కారం చాలు, రెండూ మిరపకాయలే కదా. దాంట్లో మిరియాల పొడి, వెల్లుల్లి పొడి, ఒరెగానో కలపండి. సగం ఇప్పుడు పట్టించి, ఫాయిల్ చుట్టి, 140 డిగ్రీల ఓవెన్‌లో రెండున్నర గంటలు ఉంచండి. తర్వాత ఫాయిల్ తీసి, వెనిగర్ నీళ్లు రాసి ఇంకో అరగంట. బయటకి తీశాక మిగతా సగం చల్లండి. అసలు రాండెవూలో కూడా మసాలా రుద్దడం కంటే కాలిన తర్వాత చల్లడమే ఎక్కువ.

తొందరపడొద్దు. పంది మాంసం సరిగ్గా ఉడక్కపోతే నులిపురుగుల ప్రమాదం ఉంది. పైగా ఎముక చుట్టూ ఉన్న గట్టి కండ మెత్తబడాలంటే లోపల 90 డిగ్రీల దాకా వేడి చేరాలి. నేను మొదటిసారి బెల్లం పొడి ఎక్కువేసి, మంట పెంచేశాను. పైన మాడింది, లోపల రబ్బరు. ఓనర్ ఆంటీ పైకొచ్చి "ఏం కాలుతోంది బాబూ?" అన్నారు. "చికెన్ ఆంటీ" అన్నాను.

నవ్వొచ్చింది కదా? నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకు అబద్ధం చెప్పాను? యాప్‌లో "పోర్క్ రిబ్స్" అని ఆర్డర్ చేస్తే స్టైల్, అదే "పంది మాంసం" అంటే నోరు రాదు. మా అమ్మమ్మ వాళ్ల ఊరి చివర పందులు పెంచే ఎరుకల కుటుంబాలు ఉండేవి. "అటు వెళ్లకండిరా" అని మమ్మల్ని ఆపేవాళ్లు. చాలా ఎరుకల ఇళ్లల్లో అది తాతల నాటి వృత్తి. బ్రిటిష్ వాళ్లు వాళ్లనే నేరస్థ జాతి అని చట్టంలో రాసుకున్నారు. మాంసం ఇంగ్లీషు పేరు పెట్టుకుని నా ప్లేట్‌లోకి వచ్చేసింది, వాళ్లు మాత్రం ఇంకా ఊరి చివరే ఉన్నారు. మెంఫిస్ వాళ్ల గురించి అంత తేలిగ్గా మాట్లాడిన నేను, మా ఊరి గురించి ఒక్క వీడియో కూడా చేయలేదు.

రెండోసారి రిబ్స్ బాగా కుదిరాయి. ఆంటీ మెట్ల దగ్గర కనిపిస్తే "పంది మాంసం అండి" అని చెప్పాను. ఆవిడ కాసేపు ఆగి, "మా నాన్నగారు తినేవారు, ఇంట్లో చెప్పేవారు కాదు" అన్నారు.

వచ్చే ఎపిసోడ్ అమ్మమ్మ వాళ్ల ఊరి నుంచి. వాళ్లు మాట్లాడటానికి ఒప్పుకుంటే, వాళ్ల పేర్లతోనే. అక్కడ కలుద్దాం, ఉంటాను.