చెక్క వదిలిన కాళ్లు

ఒక కాలు చెక్క మీద ఉంది. రెండోది గాల్లో ఉంది.

గాల్లో ఉన్న ఆ కాలి కింద సరస్సు పరిగెడుతోంది. చేతుల్లో తాడు. తాడు ఆ చివర మోటారు బోటు. ఇంజను హోరు, పెట్రోలు వాసన, ముఖాన కొట్టే తుంపర. ఇప్పుడా కాలు నీళ్ల మీద దించాలి. దాని కింద చెక్క లేదు, చెప్పు కూడా లేదు. ఒట్టి అరికాలు.

అది 1947. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, వింటర్ హేవెన్. ఊరి చుట్టూ, ఊరి మధ్యా సరస్సులే. కుర్రాడి పేరు ఏ.జి. హాన్‌కాక్. వయసు 17. నీళ్ల మీద ఉత్త కాళ్లతో జారిన మనిషి ఉన్నాడని అప్పటిదాకా ఎవరూ రాసిపెట్టలేదు. దించితే తేలుతుందా, దిగబడుతుందా? దిగబడితే అంత వేగంలో ముందుగా ముఖమే నీటికి కొట్టుకుంటుంది.

కాలు కిందికి వస్తోంది.

ఆ చెక్క పుట్టి అప్పటికి సరిగ్గా పాతికేళ్లు. అది మినెసోటా రాష్ట్రంలోని లేక్ సిటీలో, పెపిన్ సరస్సు ఒడ్డున, రాల్ఫ్ శామ్యూల్సన్ అనే 18 ఏళ్ల కుర్రాడి చేతుల్లో పుట్టింది. మంచు మీద జారే మనుషులు నీళ్ల మీద ఎందుకు జారకూడదు? ఇదీ అతని పట్టు. ముందు పీపా చెక్కలు కట్టుకున్నాడు. మునిగాడు. మంచు స్కీలు కట్టుకున్నాడు. మళ్లీ మునిగాడు. ఇక లాభం లేదని పైన్ పలకలు రెండు కొన్నాడు. ఒక్కోటి 8 అడుగుల పొడవు, 9 అంగుళాల వెడల్పు. అమ్మ రాగి డేగిసాలో నీళ్లు మరిగించి, పలకల కొసల్ని అందులో ఉడకబెట్టి, మెత్తబడ్డాక పైకి వంచి బిగించాడు. కాళ్లకు తోలు పట్టీలు. కిటికీలకు వాడే తాడే లాగుడు తాడు. చేత్తో పట్టుకోడానికి కమ్మరి చేసిచ్చిన ఇనుప కడియం. బోటు తోలింది అన్న బెన్.

1922 జూన్ చివరి రోజులు. బోటు కదలడం, రాల్ఫ్ మునగడం. ఒడ్డున చూసేవాళ్లు చూస్తూనే ఉన్నారు. జూలై 2న ఒక్క మార్పు చేశాడు. ఒళ్లు వెనక్కి వాల్చాడు. చెక్కల కొసలు నీటి పైకి లేపి పట్టాడు. తాడు బిగిసింది. ఈసారి నీళ్లు అతన్ని మింగలేదు, ఎత్తాయి. మర్నాడు అతని 19వ పుట్టినరోజు. పేటెంటు మాట అతనికి తట్టనే లేదు. 1925లో ఫ్రెడ్ వాలర్ అనే మరొకాయన తన స్కీలకు పేటెంటు తీసుకున్నాడు. అసలు మొదలుపెట్టింది రాల్ఫేనని అమెరికా వాటర్ స్కీ సంఘం ఒప్పుకునేసరికి 1966 వచ్చింది. నలభై ఏళ్లు దాటిపోయాయి. ఇది చాలా ఆలస్యంగా జరిగిన న్యాయం.

మరి ఆ చెక్కల్ని రాల్ఫే ఎందుకు వదిలి చూడలేదు?

లెక్క ఒప్పుకోదు. అతని పలకలు రెండూ కలిపితే 12 చదరపు అడుగులు. మనిషి అరికాళ్లు రెండూ కలిపినా అర చదరపు అడుగు దగ్గరే ఆగిపోతాయి. అంత చిన్న జాగా మనిషి బరువు మోయాలంటే వేగం ఒక్కటే దారి. చెరువు మీదికి పెంకు విసిరే పిల్లాడికి ఈ సంగతి తెలుసు: గట్టిగా విసిరితే పెంకు నీటి మీద గంతులేస్తుంది, మెల్లగా వేస్తే బుడుంగుమంటుంది. వేగం రెట్టింపైతే నీటి తోపుడు నాలుగింతలవుతుంది. ఈ ఆట ఆడేవాళ్లు 68 కిలోల మనిషికి గంటకు 56 కిలోమీటర్లు కావాలంటారు. బెన్ తోలిన బోటుకు అంత శక్తి లేదు. 1947 నాటి వింటర్ హేవెన్ బోట్లకు ఉంది.

హాన్‌కాక్ కాలు నీటిని తాకింది. దిగబడలేదు.

నీరు అరికాలిని కింది నుంచి ఎత్తి కొట్టింది. ఇక రెండో కాలూ చెక్కను వదలాలి, ఎందుకంటే అప్పటికి ఉన్న దారి అదొక్కటే: చెక్క మీద లేవాలి, వేగం అందుకోవాలి, బరువంతా నీళ్ల మీదున్న కాలికి మార్చాలి, ఆ ఊపులోనే చెక్కను వదిలించుకోవాలి, వదిలిన కాలిని కూడా క్షణం ఆలస్యం కాకుండా నీటి మీద ఆనించాలి. హాన్‌కాక్ ఆనించాడు. నిలబడ్డాడు. ప్రపంచంలో మొట్టమొదటివాడని వాటర్ స్కీ హాల్ ఆఫ్ ఫేమ్ ఆ పేరే చెబుతుంది.

అక్కడ ఒక చిక్కు వచ్చింది. ఫొటో లేదు.

అదే ఊళ్లో, అదే ఏడాది ఆ లోటు తీరింది. తీర్చినవాడు డిక్ పోప్ జూనియర్. అతని తండ్రి 1936లో తెరిచిన సైప్రస్ గార్డెన్స్ అప్పటికే ఆ రాష్ట్రంలో పేరుపడ్డ విహార స్థలం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికుల కోసం తల్లి జూలీ పోప్ అక్కడ వాటర్ స్కీ ప్రదర్శనలు పెట్టించింది. కొడుకు స్కీలు వదిలి నీళ్ల మీద నిలబడ్డాడు. కెమెరా క్లిక్కుమంది. ఇక ఎవరూ కాదనలేరు.

1950లో అక్కడే మొదటి పోటీ. ఒకవైపు పోప్. ఇంకోవైపు మెక్సికో నుంచి వచ్చిన ఎమీలియో సమూదియో. మూడో పోటీదారు లేడు, ఎందుకంటే ఈ విద్య వచ్చినవాళ్లుగా లోకానికి తెలిసింది వాళ్లిద్దరే! మరుసటి ఏడే చార్లీన్ జింట్ ఉత్త కాళ్లతో నిలబడిన మొదటి మహిళ అయింది. 1958లో జో క్యాష్ ఇంకా ముందుకెళ్లాడు. లోతు నీళ్లలో తేలుతున్న మనిషి ఏ చెక్కా లేకుండా నేరుగా పైకి లేచాడు.

అంటే చెక్క అవసరం తీరిపోయిందా? లేదు. కొత్తగా దిగేవాడికి ఇవాళ కూడా చెక్కే ప్రాణం.

పొద్దున్నే నీళ్ల మీదికి వెళ్తారు. గాలి లేవకముందు సరస్సు మీద అల ఉండదు. నేర్చుకునేవాడి ఒంటికి మెత్తలు కుట్టిన దళసరి రబ్బరు సూటు. లాగు భాగంలో మెత్తలు మరీ మందం. కూర్చుని జారేటప్పుడు నీరు పిచికారీలా ఒంట్లోకి కొట్టకుండా కాపాడేది అదే. బోటు పక్కకు చాచిన లోహపు దూలం ఒకటి ఉంటుంది. దాన్ని బూమ్ అంటారు. పిడి దానికే కడతారు. మనిషి బోటు పక్కనే ఉంటాడు కాబట్టి నేర్పేవాడు అరిస్తే వినిపిస్తుంది. కింద నీబోర్డు, అంటే పొట్టి వెడల్పాటి పలక.

బోటు కదిలింది. నేర్చుకునేవాడు పలక మీద చతికిలబడి కూర్చున్నాడు. మోకాళ్లు మడిచి, పాదాలు పలక ముందుకు చాచి, నీటికి ఇంకా తగలకుండా ఎత్తి పట్టాడు. గంటకు ముప్పై కిలోమీటర్లు. నలభై. పలక కింద నీళ్లు టపటప కొట్టుకుంటున్నాయి. యాభై దాటింది.

ఇక మడమలు.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. భయంలో కాలు బిగుసుకుంటుంది. వేళ్లు కిందికి వంగుతాయి. ఒక్క వేలు నీళ్లలోకి గుచ్చుకుందా, నీళ్లు పాదాన్ని పట్టి లాగేస్తాయి, మనిషి ముందుకు బోర్లా పడతాడు. అందుకే వేళ్లు పైకి విరిచి పట్టాలి. మడమలు ముందు ఆనాలి, అదీ మెల్లగా, భుజాలంత ఎడంగా. గట్టిగా తొక్కితే తుంపర లేచి కళ్లు కనపడవు. అలవాటుగా చూపు పాదాల మీదికి పోతుంది. పోనివ్వకూడదు. తల వంగితే ఒళ్లూ వంగుతుంది. చూపు దూరంగా, ఒడ్డు మీద ఉండాలి.

ఆనాయి. అరికాళ్లకు మంట తగిలింది. అలిపిరి మెట్లు 3,550 ఉత్త కాళ్లతో ఎక్కే మనవాళ్లకు అరికాలి మంట తెలుసు గానీ, ఇది నీటి మంట. ఇప్పుడు లేవాలనిపిస్తుంది. లేవకూడదు! ఇంకా కూర్చునే ఉండాలి, పాదాల మీద కొంచెం కొంచెంగా బరువు పెంచుతూ, పిడిని నడుముకు లాక్కుంటూ, పలక దానంతట అదే వెనక్కి జారిపోయేదాకా. ఈ విద్యలో గొప్పతనమంతా ఈ ఓపికలోనే ఉంది. నిలబడటం చివరి పని, సులువైన పని.

పలక జారిపోయింది. కింద ఏమీ లేదు. కుర్చీలో కూర్చున్నట్టే మోకాళ్లు వంచి, రెండు పాదాల మీద మనిషి వెళ్తున్నాడు.

ఇద్దరితో మొదలైన పోటీలు 1978 నాటికి ప్రపంచ స్థాయికి చేరాయి. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో జరిగిన మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పురుషుల్లో బ్రెట్ వింగ్, మహిళల్లో కొలీన్ విల్కిన్సన్ గెలిచారు. ఇద్దరూ ఆ దేశం వాళ్లే. ఇక సైప్రస్ గార్డెన్స్ ఉన్న చోట 2011 నుంచి లెగోలాండ్ నడుస్తోంది. ఓర్లాండో చూడబోయిన తెలుగు కుటుంబాలు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తుంటాయి. పిల్లలు సవారీలు ఎక్కే తోట పక్కనే, ఆ ప్రదర్శనలు జరిగిన ఎలోయీజ్ సరస్సు ఉంది.

అయితే ఇదంతా కుర్రాళ్ల ఆటేనా?

జార్జ్ బ్లెయిర్‌ను అడగాల్సింది. 1915లో పుట్టాడు. నడుము నొప్పితో కుంగిపోయిన మనిషి. స్కీలు ఎక్కిందే 40వ ఏట. ఉత్త కాళ్లు నీటి మీద దించింది 46వ ఏట. ఆ తర్వాత ఆయన్ను ఆపడం ఎవరి తరం కాలేదు. పసుపు పచ్చని సూటు వేసుకునేవాడు, కనపడిన వాళ్లకల్లా అరటిపళ్లు పంచేవాడు. బనానా జార్జ్ అన్న పేరు అలా స్థిరపడింది. కాపురం వింటర్ హేవెన్‌లోనే. ఎనభై దాటినా కాళ్లు దించాడు. తొంభై వచ్చినా మానలేదు. 2013లో, 98వ ఏట కన్నుమూశాడు. అప్పటికి ఆయన అరికాళ్లు ఆనని ఖండం లేదు. ఆరు ఖండాల్లో జారి, మిగిలిన ఆ ఒక్కటీ ఎందుకు వదలాలని అంటార్కిటికా కూడా వెళ్లాడు. మంచుగడ్డలు తేలే నీళ్లవి. బోటు వేగం అందుకుంది. వేళ్లు పైకి విరిచాడు, మడమలు ఆనించాడు, లేచి నిలబడ్డాడు.