వడగాలి లెక్కలు: థర్మామీటర్ అంకె జీవోగా ఎలా మారుతుంది?

ఎండాకాలం వస్తే చాలు, 'ఆరెంజ్ అలర్ట్', 'రెడ్ అలర్ట్' అంటూ ఫోన్లకు మెసేజ్‌లు వస్తుంటాయి. ఈ రంగులు ఎవరు నిర్ణయిస్తారు? దాని వల్ల రోడ్డు మీద పని చేసే కూలీకి, తోపుడు బండి వ్యాపారికి ఒరిగేదేంటి? వాతావరణ మార్పుపై సైన్స్ చెప్పేది ప్రభుత్వ నిర్ణయంగా ఎలా మారుతుందో తెలుసుకోవడానికి మన దగ్గర వడగాలి కంటే మంచి ఉదాహరణ లేదు.

వడగాలి అంటే ఎంత వేడి?

భారత వాతావరణ శాఖ (ఐఎండీ) లెక్క ప్రకారం మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండాలి. అది సాధారణం కంటే 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువైతే వడగాలి. 6.4 డిగ్రీలు మించితే తీవ్ర వడగాలి. తేడాతో సంబంధం లేకుండా 45 డిగ్రీలు తాకినా వడగాలి కిందే లెక్క. తీర ప్రాంతాలకు కనీస పరిమితి 37 డిగ్రీలు.

అయితే శరీరానికి థర్మామీటర్ అంకె ఒక్కటే లెక్క కాదు. గాలిలో తేమ ఎక్కువుంటే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. రాత్రి కూడా వేడి తగ్గకపోతే శరీరానికి విశ్రాంతి దొరకదు. అందుకే ఏ ఊళ్లో ఎంత వేడికి మనుషులు చనిపోతున్నారో ఆ ఊరి లెక్కల్లోనే వెతకాలి.

అహ్మదాబాద్ ఏం చేసింది?

2010 మే నెలలో అహ్మదాబాద్‌లో ఉష్ణోగ్రత 46.8 డిగ్రీలకు చేరింది. తర్వాత పరిశోధకులు మరణాల రిజిస్టర్లను ముందు, వెనక సంవత్సరాల మే నెలలతో పోల్చి చూశారు. ఆ ఒక్క నెలలోనే 1,344 మరణాలు అదనంగా, అంటే 43 శాతం ఎక్కువగా జరిగాయని తేలింది. వీటిలో చాలా వరకు 'వడదెబ్బ' అని రికార్డు కాలేదు. మొత్తం మరణాలు లెక్కపెడితేనే అసలు సంగతి బయటపడింది.

ఆ లెక్కల ఆధారంగా నగర కార్పొరేషన్, గాంధీనగర్‌లోని ప్రజారోగ్య సంస్థ, మరికొన్ని సంస్థలు కలిసి 2013లో హీట్ యాక్షన్ ప్లాన్ తెచ్చాయి. దక్షిణాసియాలో ఇదే మొదటిది. స్థానిక పరిమితులను బట్టి హెచ్చరికలు, డాక్టర్లకు ట్రైనింగ్, తాగునీటి కేంద్రాలు ఇందులో భాగం. అక్కడి ఒక మున్సిపల్ ఆసుపత్రిలో ప్రసూతి వార్డును పై అంతస్తు నుంచి కిందికి మార్చారు. వేడి వల్ల జబ్బుపడే పసికందుల సంఖ్య తగ్గినట్లు అధ్యయనంలో తేలింది. ప్లాన్ వల్ల ఏటా సగటున 1,190 మరణాలు తప్పాయని 2018లో వచ్చిన మరో అధ్యయనం అంచనా వేసింది.

మన దగ్గర పరిస్థితి

2015 వడగాలులకు దేశంలో 2,000 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువ మంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. ఇప్పుడు తెలంగాణలో 1,000కి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. మండలాల వారీగా ఎండ లెక్క తెలుస్తోంది.

2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ వచ్చింది. పైకప్పుకు ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత గానీ, టైల్స్ గానీ వేస్తే ఇల్లు తక్కువ వేడెక్కుతుంది. అంతకు ముందు 2017లో హైదరాబాద్‌లో పేదల ఇళ్లపై చేసిన ప్రయోగంలో లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. ఈ పాలసీ కింద ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు దాటిన ఇళ్లకు కూల్ రూఫ్ తప్పనిసరి. అంతకంటే చిన్న ఇళ్లకు ఇష్టాన్ని బట్టి.

ఇక్కడే ఆలోచించాల్సిన విషయం ఉంది. ప్రయోగం జరిగింది పేదల ఇళ్లపై, రూల్ మాత్రం పెద్ద భవనాలకు. పేదవాడిపై ఖర్చు రుద్దకూడదన్నది సరైనదే. కానీ రేకుల ఇంట్లో ఉండే కుటుంబానికి పూత ఖర్చు ఎవరిస్తారన్నది తేలకపోతే, సైన్స్ ఎవరి కోసం పనిచేసిందో వాళ్లకే అది అందదు.

డబ్బు ఏ పద్దు నుంచి?

15వ ఆర్థిక సంఘం కాలంలో (2021-26) విపత్తు నిధికి అర్హమైన జాతీయ జాబితాలో 12 విపత్తులున్నాయి. అందులో చలిగాలి ఉంది, వడగాలి లేదు! జాబితాలో లేని స్థానిక విపత్తులకు రాష్ట్రాలు తమ విపత్తు నిధిలో 10 శాతం వరకే వాడుకోవచ్చు.

తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడగాలిని రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. మృతుల కుటుంబాలకు రూ.4 లక్షల ఎక్స్‌గ్రేషియా అంది. అంతకు ముందు ఆపద్బంధు కింద రూ.50 వేలే ఉండేది. ఇది మంచి అడుగే. కానీ మరణానికి కారణం గుండెపోటు అనో, కిడ్నీ ఫెయిల్యూర్ అనో మాత్రమే రాస్తే ఆ కుటుంబానికి ఈ డబ్బు రావడం కష్టం. కాబట్టి సరైన రికార్డు సైన్స్‌కు ఎంత అవసరమో బాధితుడికీ అంతే అవసరం.

ఢిల్లీలోని సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ 2023లో 18 రాష్ట్రాల్లోని 37 హీట్ ప్లాన్లను పరిశీలించింది. స్థానిక పరిమితులు పెట్టుకున్నవి 10, నిధులు ఎక్కడి నుంచో చెప్పినవి 3, ఎవరికి ఎక్కువ ముప్పో లెక్క తీసినవి 2 మాత్రమే.

మనం అడగాల్సినవి

మన మున్సిపాలిటీకి హీట్ ప్లాన్ ఉందా? అలర్ట్ వచ్చిన రోజు అడ్డా కూలీలకు నీళ్లు, నీడ ఏర్పాటు చేసే బాధ్యత ఏ అధికారిది? బడ్జెట్‌లో దానికి పద్దు ఉందా? కార్పొరేటర్‌ను, వార్డు ఆఫీసును ఈ మూడు ప్రశ్నలు ఎండలు ముదరక ముందే అడగాలి.

ఎవరైనా ఎండకు తడబడుతూ మాట్లాడినా, స్పృహ తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయండి. నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి. స్పృహలో లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.