పసిపిల్లల్లో మరలివచ్చే రాత్రి వాంతులు: కారణాన్వేషణ చరిత్ర

ఉపోద్ఘాతం

సాయంత్రం వరకు ఆడుకున్న రెండేళ్ల బిడ్డ అర్ధరాత్రి దాటాక నిద్రలేచి వాంతి చేసుకోవడం, మరునాటికి తేరుకోవడం, కొన్ని వారాలకు మళ్లీ అదే జరగడం వైద్యులకు చిరకాలంగా తెలిసిన విషయమే. ఇది ఒక్క వ్యాధి కాదు. అనేక వ్యాధులకు ఉమ్మడి లక్షణం. అందువల్ల వాంతి శరీరంలో ఎక్కడ పుడుతున్నదన్న ప్రశ్నతో పాటు, ఏ వేళ వస్తున్నది, రెండు దఫాల నడుమ బిడ్డ ఎలా ఉన్నాడు అన్న ప్రశ్నలు కూడా ముఖ్యమయ్యాయి. వైద్యం మొదటి ప్రశ్నకిచ్చిన ప్రాధాన్యం రెండోదానికి చాలాకాలం ఇవ్వలేదు. వాంతి వేళ ఎప్పుడెప్పుడు సాక్ష్యంగా గుర్తింపు పొందిందో, ఎప్పుడు మరుగున పడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

సుశ్రుతసంహితలో రాత్రి

సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం తొమ్మిది బాలగ్రహాలను చెప్పింది. వాటిలో పూతన పట్టిన బిడ్డ పగలు సుఖంగా నిద్రిస్తాడు, రాత్రి నిద్రపోడు. వాంతితో బాధపడతాడు, విరేచనం పలచనవుతుంది, దాహం పెరుగుతుంది. అంధపూతన లక్షణాలలో వాంతితో పాటు దగ్గు, ఎక్కిళ్లు, జ్వరం, చనుబాల పట్ల విముఖత ఉన్నాయి. నైగమేషగ్రహం పట్టిన బిడ్డ నురగ కక్కుతాడు, నడుము వద్ద వంగిపోతాడు. పోతన భాగవతం ద్వారా తెలుగువారికి పరిచితమైన పూతన విషపు చనుబాలిచ్చిన రాక్షసి. సుశ్రుతసంహితలో ఆ పేరు ఒక లక్షణ సముదాయానికి గుర్తు.

ఈ వర్ణనలను నేటి వ్యాధుల పేర్లతో సమీకరించడం సాహసమే. వాంతి, పలచని విరేచనం, దాహం కలిసిన వర్ణన అతిసారాన్ని తలపిస్తుందని అనవచ్చు. అంతకు మించి చెప్పడానికి ఆధారం చాలదు. గమనించవలసింది వేరొకటి. కారణంగా గ్రహాన్ని చెప్పిన గ్రంథమే పగటికీ రాత్రికీ ఉన్న తేడాను లక్షణంగా నమోదు చేసింది. మాటలు రాని బిడ్డ బాధను చేష్టల ద్వారా గుర్తించే పద్ధతికి కాశ్యపసంహిత వేదనాధ్యాయమనే ప్రత్యేక అధ్యాయాన్నే కేటాయించింది. నేపాల్‌లో లభించిన అసంపూర్ణ ప్రతి ఆధారంగా ఆ గ్రంథం 1938లో ముద్రితమైంది. తెలుగు ఇళ్లల్లో ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీసే ఆచారం గ్రహభావనకు దగ్గరి చుట్టమే. వాంతి దానంతట అదే ఆగే స్వభావం కలిగినప్పుడు ఏ ఉపచారమైనా ఫలించినట్టే కనిపిస్తుంది. ఆచారాలకే కాదు, తరువాతి కాలపు మందులకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

దగ్గు వెంట వచ్చే వాంతి

రాత్రి వాంతికి కారణం కడుపులోనే ఉండనక్కరలేదని మొదట స్పష్టం చేసినది కోరింత దగ్గు. 1578లో పారిస్‌లో చెలరేగిన ఈ వ్యాధిని గియోం ద బయ్యూ వర్ణించాడు. గుక్క తిప్పుకోనివ్వని దగ్గు తెర రాత్రివేళ హెచ్చడం, చివర వాంతి కావడం దీని తీరు. 1906లో బోర్డే, జెంగూ దీని సూక్ష్మజీవిని ప్రకటించారు. ఇక్కడ వాంతి దగ్గుకు తోక మాత్రమే. ఉబ్బసం ఉన్న పిల్లల్లోనూ రాత్రి దగ్గు వాంతితో ముగియడం సాధారణం.

శామ్యూల్ గీ, తొమ్మిది మంది పిల్లలు

దగ్గు లేదు, అజీర్ణం లేదు, నడుమ రోజుల్లో ఆరోగ్యానికి లోటు లేదు. అయినా వాంతులు తిరిగి వస్తాయి. ఈ చిక్కుముడిని జెనీవా వైద్యుడు లొంబార్ 1861లో జీర్ణక్రియకు సంబంధించిన నాడీవికారంగా వర్ణించాడు. 1882లో లండన్ సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రి నివేదికల్లో శామ్యూల్ గీ తొమ్మిది మంది పిల్లల వృత్తాంతాన్ని ప్రకటించాడు. వాంతుల దఫా కొన్ని గంటలో కొన్ని రోజులో సాగుతుంది. పిదప బిడ్డ పూర్తిగా కోలుకుంటాడు. విరామానికి నిర్దిష్టమైన కొలత లేదు. గీ రచనలో సిద్ధాంతం స్వల్పం, పరిశీలన అధికం. ఆరోగ్యంగా గడిచిన విరామం కూడా వ్యాధి స్వరూపంలో భాగమేనని గుర్తించడం దాని విలువ. ఆరేళ్ల తరువాత, 1888లో, సీలియాక్ వ్యాధికి ప్రామాణికంగా నిలిచిన వర్ణన చేసినదీ ఈయనే. అందులో గోధుమల పాత్ర ఆయనకు తెలియదు. అయినా ఆహార నియమమే చికిత్సకు మూలమని ఊహించాడు.

1898లో విట్నీ ఈ వికారాన్ని ‘చక్రీయ వమనం’ అన్నాడు. పేరు స్థిరపడింది గాని, కారణం స్థిరపడలేదు.

అసిటోన్: కారణమా, ఫలితమా?

పంతొమ్మిదో శతాబ్ది చివరికి మూత్రంలో అసిటోన్‌ను పట్టే రసాయన పరీక్షలు అందుబాటులోకి వచ్చాయి. వాంతులు చేసుకునే పిల్లల ఊపిరిలో పండ్ల వాసన, మూత్రంలో అసిటోన్ కనిపించాయి. 1901లో ఫ్రాన్స్‌లో మార్ఫాన్ ‘అసిటోన్‌తో కూడిన ఆవర్తక వాంతుల’ను గురించి రాశాడు. ఇటలీలో నేటికీ తల్లులు బిడ్డకు ‘అసిటోన్’ వచ్చిందనే అంటారు. జపాన్‌లో ‘జికా చూదోకు’, అనగా శరీరం తన విషానికి తానే గురికావడం, అన్న పేరు జనవ్యవహారంలో నిలిచింది.

అయితే ఈ వాదంలో ఒక లోపం ఉంది. ఆహారం అందకపోతే శరీరం కొవ్వును కరిగించుకుంటుంది, కీటోన్లు పుడతాయి. వాంతులతో ఏమీ తినని బిడ్డ మూత్రంలో అసిటోన్ ఉండటం సహజం. పరీక్షలో కనబడినంత మాత్రాన అది కారణం కాదు. ఒక పరీక్ష చేతికి అందడమే ఒక రోగనిర్ణయానికి ఇంతటి ప్రచారం తెచ్చిన సందర్భాలు బాలవైద్యంలో ఎక్కువ లేవు.

అసిటోన్ వాదం పూర్తిగా వృథా కాలేదు. 1964లో కోలే, అల్‌స్ట్రమ్ రాత్రి ఉపవాసాన్ని ముందుకు తెచ్చారు. పసివారి మెదడు శరీర పరిమాణంతో పోలిస్తే పెద్దది, దానికి గ్లూకోజు అవసరం అధికం. కాలేయంలోని నిల్వ స్వల్పం. అన్నం తినకుండా నిద్రపోయిన సన్నని బిడ్డకు తెల్లవారుజామున రక్తంలో గ్లూకోజు పడిపోతుంది, కీటోన్లు పెరుగుతాయి, వాంతి, మగత, ఒక్కోసారి మూర్ఛ వస్తాయి. దీనికి కీటోటిక్ హైపోగ్లైసీమియా అని పేరు. చాలామంది పిల్లలు పెరిగేకొద్దీ దీనినుంచి బయటపడతారు.

1980ల తొలి సంవత్సరాలలో గుర్తించిన ఎమ్‌సీఏడీ ఎంజైమ్ లోపం అలాంటిది కాదు. ఇందులో కొవ్వును వాడుకునే దారే సరిగా తెరుచుకోదు. గ్లూకోజు తగ్గినా కీటోన్లు తగినంత పెరగవు. మామూలు జ్వరంలో ఒక రాత్రి తినకపోవడం కూడా ప్రాణాంతకం కావచ్చు. వాంతి, మగతలతో మరణించిన ఇలాంటి పిల్లల్లో కొందరిని అంతకుముందు రేయీ సిండ్రోమ్‌గా లెక్కించారు. మూత్రంలో అసిటోన్ ఉండటమే రోగం అనుకున్న కాలానికి, అది ఉండవలసిన చోట లేకపోవడమే ప్రమాదమని ఊహించడం సాధ్యం కాలేదు.

పడుకున్న దేహం

రాత్రి ఉపవాసమే కాదు, శయనం కూడా. 1947లో న్యూహౌజర్, బెరెన్‌బర్గ్ ఎక్స్‌రే పరిశీలనల ద్వారా అన్నవాహిక కింది ద్వారం సడలడం శిశువుల వాంతికి కారణమని చూపారు; బిడ్డను నిటారుగా ఉంచడం వారి చికిత్స. పాలు కక్కడానికీ వాంతికీ తెలుగు చూపే భేదం ఇక్కడ అక్కరకొస్తుంది: కక్కడంలో పాలు ప్రయాస లేకుండా జారివస్తాయి, వాంతిలో కడుపు కండరాలు బిగుస్తాయి. ఏడాది దాటినకొద్దీ కక్కడం తగ్గాలి. కొత్తగా మొదలైతే అది వేరే కథ.

అరుదైనా మరువరాని కారణం మెదడు గడ్డ. 1925లో బెయిలీ, కుషింగ్ చిన్నమెదడులో పుట్టే మెడుల్లోబ్లాస్టోమాను వర్ణించారు. పడుకున్నప్పుడు, నిద్రలో బొగ్గుపులుసు వాయువు కొంత పెరిగి రక్తనాళాలు వ్యాకోచించినప్పుడు కపాలంలో ఒత్తిడి హెచ్చుతుంది. అందుకే వాంతి వేకువన, నిద్ర లేచీ లేవగానే వస్తుంది. నడకలో తూలడం, తల పక్కకు వంచడం దీనికి తోడవుతాయి. విరామంలో బిడ్డ పూర్తిగా మామూలుగా ఉన్నాడా అన్న గీ ప్రశ్నకు ప్రాణాంతకమైన సమాధానం ఇక్కడ దొరుకుతుంది.

మనస్సు మీదికి నెట్టిన నింద

ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలంలో, పరీక్షల్లో ఏ లోపమూ దొరకని వాంతిని బిడ్డ మనోస్థితికీ తల్లి ఆందోళనకూ ఆపాదించే ధోరణి బలపడింది. రాత్రంతా బిడ్డను పట్టుకొని కూర్చున్న తల్లి ఆందోళన చెందకుండా ఎలా ఉంటుందన్న ప్రశ్న ఆ వాదంలో కనిపించదు. ఇక్కడ కూడా ఫలితాన్నే కారణంగా చదివారు. అసిటోన్ విషయంలో జరిగిన పొరపాటే మరో రూపం తాల్చింది.

దీనికి సమాంతరంగా మరో ఆలోచన సాగింది. 1960లో హోయ్ట్, స్టిక్లర్ 44 మంది పిల్లలను పరిశీలించిన అధ్యయనం ప్రకటించారు. 1993లో ఫ్లైషర్, మటార్ 71 మంది వృత్తాంతాలను సమీక్షించారు. ఒకే బిడ్డలో దఫాలన్నీ ఒకే వేళ మొదలై, ఒకే తీరున సాగి, ఒకే విధంగా ముగియడం ప్రధాన లక్షణంగా తేలింది. వేకువజాము ఆరంభం సాధారణమైంది. కుటుంబంలో మైగ్రేన్ ఉండటం తరచుగా కనిపించింది. 1994 జూలైలో ఈ వికారంపై అంతర్జాతీయ సదస్సు గీ పనిచేసిన సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రిలోనే జరిగింది. 2004 నాటి అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణ చక్రీయ వమనాన్ని మైగ్రేన్‌కు పూర్వరూపాలలో చేర్చింది. తలనొప్పి అని చెప్పలేని వయసులో మైగ్రేన్ వాంతి రూపంలో పలకవచ్చునన్నది ఇందులోని భావన.

పసరు వాంతి

వేళను చదివే పద్ధతికి ఒక మినహాయింపు ఉంది. పేగు పుట్టుకతోనే సరిగా అమరని బిడ్డలో అది అప్పుడప్పుడు మెలిపడి, తిరిగి విడిపోతుంది. వాంతులు దఫాలుగా వచ్చి నడుమ తగ్గుతాయి కనుక ఇది చక్రీయ వమనంలాగే భ్రమింపజేస్తుంది. మెలి విడకపోతే రక్తప్రసారం ఆగి పేగు చచ్చిపోతుంది. 1936లో బోస్టన్ శస్త్రవైద్యుడు విలియం లాడ్ దీనికి శస్త్రచికిత్సా విధానాన్ని ప్రకటించాడు; ఆ విధానం నేటికీ ఆయన పేరుతోనే ఉంది. ఇక్కడ వేళ కంటే, విరామం కంటే రంగుదే ముందు మాట. ఆకుపచ్చని పసరు వాంతి అయిన బిడ్డ విషయంలో, అది ఎన్నో దఫా అయినా, తెల్లవారే దాకా వేచి చూడటానికి వ్యవధి ఉండదు.