నల్లపిల్లి మీద మోపిన నేరం

కొన్నేళ్ల కిందట ఒక సాహిత్య పాఠశాలలో మూఢనమ్మకాల గురించి మాట్లాడుతూ నేనొక కథ చెప్పాను. 1233లో తొమ్మిదవ గ్రెగొరీ పోపు నల్లపిల్లిని సైతాను రూపంగా ప్రకటించాడనీ, దాంతో యూరపులో పిల్లుల్ని ఊచకోత కోశారనీ, ఎలుకలు పెరిగిపోయి 1347లో ప్లేగు వచ్చిపడిందనీ. చప్పట్లు బాగానే పడ్డాయి. మూఢత్వానికి చరిత్ర వేసిన శిక్షలాగా ఎంతో పొందికగా ఉన్న ఆ కథకు ఆధారం లేదని తర్వాత తెలిసింది. మన వాదానికి పనికొస్తున్నది గనుక నేను దాన్ని పరీక్షించలేదు. ఛాందసులు చేసే పని కూడా అదే కదా!

పోపు రాసిన లేఖ ఉన్నమాట నిజం. దాని మొదటి మాటల్ని బట్టి ‘వోక్స్ ఇన్ రామా’ అంటారు. రైన్ నదీ ప్రాంతంలో మతద్రోహుల్ని వేటాడుతున్న మార్బుర్గ్ కాన్రాడ్ చేరవేసిన కబుర్లే దానికి మూలం. అందులో ఒక రహస్య సమావేశం వర్ణన ఉంది. కొత్తగా చేరేవాడు ముందు ఒక కప్పను ముద్దు పెట్టుకోవాలి. తర్వాత పాలిపోయి మంచులా చల్లగా ఉన్న ఒక బక్కమనిషిని. విందు ముగిశాక ఒక విగ్రహం మీదుగా కుక్కంత నల్లపిల్లి వెనక్కి నడుస్తూ దిగుతుంది. అందరూ దాని వెనకభాగాన్ని ముద్దాడతారు. దీపాలు ఆర్పేస్తారు. పిల్లుల్ని చంపమన్న మాట అందులో లేదు. కత్తి ఎత్తమన్నది మనుషుల మీద. ప్లేగు వచ్చింది వందేళ్లు దాటాక. పిల్లుల్ని ఆదరంగా చూసుకునే కైరో నగరాన్ని కూడా 1348లో అది వదల్లేదు. ఆమాటకొస్తే ప్లేగు పిల్లులకూ సోకుతుంది.

ఇంతకీ ఈ పిల్లి కాన్రాడ్ కల్పన కాదు. 1180ల ప్రాంతంలోనే ఇంగ్లండులో రాజాస్థానానికి చెందిన వాల్టర్ మాప్, మతద్రోహుల మధ్యకి తాడు పట్టుకుని దిగే నల్లపిల్లిని వర్ణించాడు. లీల్ నగరపు ఆలన్ అనే పండితుడు, ‘కథార్లు’ అన్న పేరు లాటిన్‌లో పిల్లిని చెప్పే ‘కాటుస్’ నుంచి రావచ్చునన్నాడు. నిజానికి అది పరిశుద్ధులన్న అర్థమిచ్చే గ్రీకు మాట.

ఇంకా వెనక్కి వెళితే విచిత్రం కనిపిస్తుంది. రోమన్ల కాలంలో ఇటువంటి నిందనే క్రైస్తవుల మీద వేశారు. మినూసియస్ ఫెలిక్స్ తన ‘ఆక్టేవియస్’లో ఆ నిందల్ని నమోదు చేశాడు: దీపస్తంభానికి కుక్కను కట్టి, అందనంత దూరాన మాంసం ముక్క విసురుతారట, కుక్క దూకితే దీపం పడి ఆరుతుంది, చీకట్లో వావివరసలుండవు. నిన్నటి నిందితుడు పీఠమెక్కాక అదే నేరపత్రాన్ని తిరగరాశాడు. కుక్క పోయి పిల్లి వచ్చింది, అంతే తేడా.

అదే రోజుల్లో బ్రెమెన్ ఆర్చిబిషప్పుకు దశమభాగం చెల్లించమన్న స్టెడింగ్ రైతుల్ని మతద్రోహులని ముద్రవేసి 1234లో ఆల్టెనెష్ దగ్గర నరికేశారు. పిల్లి లేఖ ఈ రైతుల గురించేనని కొందరు రాశారు. వర్గపోరాటానికి అంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు. నాకూ ఆశ పుట్టింది. కాని లేఖ రైన్ ప్రాంతానిది.

మన ఊళ్లలో పిల్లి ఎదురొస్తే అపశకునమే, దానికి రంగు పట్టింపు లేదు, ఏ పోపు ప్రమేయమూ లేదు. ఆ ఆరా వేరే తీయాలి.

యూరపులో సైతం నింద మోపడానికి నలుపు తప్పనిసరి కాలేదు. 1566లో ఇంగ్లండులోని చెమ్స్‌ఫర్డ్‌లో ఆగ్నెస్ వాటర్‌హౌస్ అనే పేద విధవరాలిని మంత్రగత్తె అని విచారించారు. ఆమె పిల్లి పేరు సైతాన్. ఒంటిమీద తెల్లమచ్చలు. పొరుగామెకు ఒక కేకు ముక్క ఇచ్చి పుచ్చుకున్న పిల్లి అది. దాన్ని ఒక కుండలో ఉన్నిపరిచి ఉంచేదాన్నని ఆగ్నెస్ ఒప్పుకోలులో ఉంది. తర్వాత దాన్ని కప్పగా మార్చేసిందట. ఎందుకని? కటిక దరిద్రం వల్ల ఆ కుండలోని ఉన్ని ఆమెకు అవసరమైంది. జూలైలో ఆమెను ఉరితీశారు.